1/35 సెంచూరియన్ ట్యాంకుకు రంగు, దుమ్ము, బురద: ఏది ముందు, ఏది తరువాత, ఎంతవరకు?

చిత్తూరు నుంచి అడిగిన మిత్రుని ప్రశ్న క్లుప్తంగా ఇది. 1/35 స్కేలు (అసలు దానిలో ముప్ఫై అయిదో వంతు) సెంచూరియన్ ట్యాంకు ప్లాస్టిక్ కిట్టు జోడించడం పూర్తయింది. దానిని 1971 డిసెంబరులో బసంతర్ నది దగ్గర పోరాడిన భారత సైన్యపు ట్యాంకుగా చూపించాలని ఆయన కోరిక. ఇంతకు ముందు చేసిన జీపు మీద హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న స్ప్రే డబ్బాతో రంగు కొట్టి, టర్పెంటైన్‌లో కలిపిన గోధుమరంగు వాష్ (గాళ్లలోకి దిగేలా పూసే పలుచటి రంగు) పూయగానే అడుగు రంగు లేచిపోయింది. పెరటి మట్టి జల్లించి తయారుచేసిన బురదేమో ఇటుక రంగుకు తిరిగింది. ఈసారి పొరలు ఏ వరుసలో వేయాలి, ఏవి కొనాలి, వాడిన బండిలా కనిపించడానికి ఎంతవరకు వెళ్లాలి అన్నవి ఆయన సందేహాలు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. వరుస ఇది: అడుగున లాకర్ ప్రైమర్ (లాకర్ థిన్నర్‌లో కరిగే రకం మొదటి పూత), దాని మీద యాక్రిలిక్ అసలు రంగు, ఆపైన మెరిసే యాక్రిలిక్ వార్నిష్, డికాల్స్ (గుర్తులు, సంఖ్యల కోసం అంటించే పలుచటి ముద్రలు), మళ్లీ అదే వార్నిష్ పలుచగా ఒకసారి, తరువాత ఆయిల్ రంగుతో వాష్, రంగు ఊడిన గుర్తులు, మెరుపు లేని వార్నిష్, చివరగా దుమ్ము, బురద, పొడి పిగ్మెంట్లు. ఎంతవరకు అంటే: మీరు ఎంచుకున్న సందర్భానికి బురద ధారాళంగా ఉండాలి, గీతలు కొద్దిగా ఉండాలి, తుప్పు దాదాపు ఉండకూడదు. ఈ రెండో మాట చాలామందికి వింతగా తోస్తుంది కాబట్టి దాని సంగతే మొదట వివరిస్తాను.

ఆ భారత్-పాకిస్తాన్ యుద్ధం 1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. బసంతర్ దగ్గర పూనా హార్స్ రెజిమెంటు సెంచూరియన్లు మందుపాతరల నడుమ పూర్తిగా శుభ్రం కాని దారిలోనే ముందుకు సాగాయి. సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ తన ‘ఫామగుస్తా’ ట్యాంకుతో పోరాడి 16వ తేదీన అమరుడై పరమవీర చక్ర పొందినది ఆ పోరులోనే. ఇక్కడ మోడల్ చేసేవాడు గమనించవలసింది కాలవ్యవధి. రెండు వారాల్లో ట్యాంకుకు పట్టే తుప్పు చెప్పుకోదగ్గంత ఉండదు. అంతకు ముందు రెజిమెంటులో ఉన్నన్నాళ్లూ దానికి క్రమం తప్పకుండా రంగు వేసి, గ్రీజు పెట్టి, కడిగి ఉంచారు. కానీ ఆ రెండు వారాల్లోనే పొలాలు, వాగు గర్భం, మెత్తటి ఇసుక, గట్లు దాటిన బండికి మట్టి ఎంత పట్టాలో అంత పడుతుంది. పాతబడటం వేరు, వాడబడటం వేరు. ఇంటర్నెట్‌లో కనిపించే మోడళ్లలో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపివేసి, నిన్న కార్ఖానా నుంచి వచ్చిన బండిని కూడా ఇరవై ఏళ్లు వానలో పడి ఉన్నట్లు చూపిస్తాయి. వాటిని చూసి పరిమాణం నిర్ణయించుకోవద్దు.

అందుచేత సీసా మూత తీయకముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ఏ ప్రాంతం, ఏ నెల, బండి సేవలో చేరి ఎన్నాళ్లయింది. బసంతర్ రావి నదికి ఉపనది. జమ్మూ కొండల వైపు నుంచి దిగి శకర్‌గఢ్ ప్రాంతం గుండా పోతుంది. అక్కడిది ఉత్తరాది మైదానాల ఒండ్రుమట్టి. ఆరితే లేత బూడిద కలిసిన గోధుమరంగు, తడిస్తే ముదురు గోధుమ. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఎర్రమట్టిలో ఇనుప ఆక్సైడు ఎక్కువ. ఆ మట్టినే పూస్తే బండి బసంతర్ దాటినట్లు కాక పీలేరు రోడ్డు మీదుగా వచ్చినట్లు ఉంటుంది. అదే మీరు ఆ యుద్ధంలోని లోంగేవాలా పోరును చేయదలచుకుంటే బురదకు చోటే లేదు, అక్కడ థార్ ఎడారి ఇసుక కావాలి. 1971 నవంబరులో గరీబ్‌పూర్‌లో పోరాడిన పీటీ-76 తేలికరకం ట్యాంకు చేస్తే, అది బెంగాల్ తడి నేల కాబట్టి ముదురు మట్టీ, గడ్డీ కావాలి. ఒకే ఏడాది, ఒకే సైన్యం, మూడు వేర్వేరు మట్టి రంగులు.

ఇక మీ జీపు రంగు ఎందుకు లేచింది? హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే స్ప్రే డబ్బాల్లో కొన్ని సింథటిక్ ఎనామెల్ రకం. అది పైకి ఆరినట్లు కనిపించినా లోపల గట్టిపడటానికి చాలా రోజులు పడుతుంది, ఆలోగా టర్పెంటైన్ తగిలితే మెత్తబడి కుంచెతో పాటు వచ్చేస్తుంది. ఈ పనిలో గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: పై పొరలోని ద్రావకం కింది పొరను కరిగించకూడదు. లాకర్‌ను కరిగించేది లాకర్ థిన్నర్. అది మిగతా అన్నిటినీ కూడా కరిగిస్తుంది, కాబట్టి లాకర్ ఎప్పుడూ అడుగునే ఉండాలి. యాక్రిలిక్‌లో నీరో ఆల్కహాలో ఉంటుంది. అది ఆరిన లాకర్‌ను ఏమీ చేయదు. ఆయిల్ రంగులకూ ఎనామెల్‌కూ వాడే మినరల్ టర్పెంటైన్, అంటే దుకాణాల్లో ఎం.టి.ఓ. అని అడిగితే ఇచ్చేది, బాగా ఆరిన యాక్రిలిక్‌ను ముట్టదు. అందుకే లాకర్, యాక్రిలిక్, ఆయిల్ అన్న వరుస. చెట్టు నుంచి తీసిన అసలు టర్పెంటైన్ దీనికంటే ఘాటైనది, దానిని మోడల్ దగ్గరకు రానీయకపోవడమే మేలు.

మీ దగ్గర ఉన్న డబ్బాలో ఏముందో తెలియకపోతే పరీక్ష సులభం. కిట్టు భాగాలు అంటుకొని ఉండే ప్లాస్టిక్ చట్రం, మనం స్ప్రూ అనేది, పారేయకుండా ఉంచుకోండి. దాని మీద ఆ రంగు కొట్టి, రెండు రోజులు ఆరనిచ్చి, ఎం.టి.ఓ.లో ముంచిన చెవి పుల్లతో రుద్దండి. దూదికి రంగు అంటితే ఆ డబ్బాను గేటుకు వాడుకోండి, మోడల్‌కు వద్దు.

ప్రైమర్ విషయంలో ఎక్కువ చెప్పనవసరం లేదు. టామియా వారి సర్ఫేస్ ప్రైమర్ డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బూడిదరంగుది తీసుకోండి. కారు రంగుల దుకాణాల్లో అమ్మే ప్రైమర్ చవకే గానీ, అది లోహం మీద గీతలు నింపడానికి చేసినది కాబట్టి మందంగా పడి, బోల్టు తలలను మింగేస్తుంది. దానిలోని థిన్నర్ పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను కూడా కొరుకుతుంది. మోడల్‌ను ముందు రోజే గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టడం మరిచిపోవద్దు, వేలి జిడ్డు ఉన్నచోట ఏ రంగూ నిలవదు.

మన వాతావరణం గురించి మాత్రం కాస్త విడమరచి చెప్పాలి, ఎందుకంటే విదేశీయులు చేసిన వీడియోల్లో ఇది ఉండదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ రోజుల్లో లాకర్ కొడితే ద్రావకం చప్పున ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ ఆ చల్లటి పొర మీద దిగి రంగు తెల్లగా పాలిపోతుంది. వాన పట్టిన పూట లాకర్ పని పెట్టుకోకండి. తప్పనిసరైతే ఆరడాన్ని నెమ్మదింపజేసే లెవెలింగ్ థిన్నర్ వాడండి. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తలకిందులైన కష్టం వస్తుంది. ఎండ నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మిద్దె మీద ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) పట్టుకుంటే, రంగు తుంపర మోడల్‌ను చేరకముందే గాలిలో ఆరిపోయి గరుకుగా పడుతుంది, యాక్రిలిక్ అయితే సూది మొన దగ్గర గడ్డకడుతుంది. తెల్లవారి ఆరేడు గంటల నడుమ పని ముగించుకోవడం, రంగులో రెండు చుక్కలు రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలపడం, ఎయిర్‌బ్రష్ ముక్కును మోడల్‌కు ఇంకాస్త దగ్గరగా పట్టడం దీనికి మందు.

ఇంకొక మాట. లాకర్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. వంటింటి పక్క గదిలో గాని, పూజగదిలో దీపం వెలుగుతుండగా ఆ గుమ్మం దగ్గర గాని ఈ పని వద్దు. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. రసాయన ఆవిరి కోసం చేసిన కార్ట్రిడ్జ్ మాస్కు కొనండి. రంగుల కంటే ముందు కొనవలసినది అదే.

అసలు రంగు. భారత రక్షణ వాహనాలకు వాడే ఆలివ్ గ్రీన్, ఐ.ఎస్. 5 అనే భారతీయ ప్రమాణపు రంగుల పట్టికలో 220వ సంఖ్యది. కారు రంగులు కలిపే దుకాణంలో ఆ సంఖ్య చెప్పినా కలిపి ఇస్తారు, కానీ పై పొర యాక్రిలిక్‌గా ఉండాలన్న నియమం వల్ల నేను టామియా యాక్రిలిక్‌నే ఎంచుకుంటాను. ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్‌లో ఎక్స్‌ఎఫ్-58 ఆలివ్ గ్రీన్ మూడో వంతు కలిపితే నా కంటికి సరిపోతుంది. అయితే సీసాలోని రంగు అసలు ట్యాంకు రంగుకు అచ్చుగుద్దినట్లు సరిపోవాలన్న పట్టుదల అనవసరం. దూరం నుంచి చూసే వస్తువు రంగు గాలి పొర వల్ల లేతగా కనిపిస్తుంది. 1/35 మోడల్‌ను అర మీటరు నుంచి చూడటమంటే అసలు ట్యాంకును పదిహేడున్నర మీటర్ల నుంచి చూడటమే. పైగా మనం చేయబోయే వాష్, దుమ్ము కలిసి రంగును మరింత ముదురుగానో మసకగానో మారుస్తాయి. అందుకని మొదటి పొరనే మీరు కోరుకున్నదానికంటే కొంచెం లేతగా వేయండి. లేత చేయడానికి తెలుపు కలపకండి. ఆలివ్‌లో తెలుపు పడితే సున్నం కొట్టినట్లు పాలిపోతుంది. ఎక్స్‌ఎఫ్-60 డార్క్ యెల్లో గాని, ఎక్స్‌ఎఫ్-57 బఫ్ గాని కలపండి.

ఎయిర్‌బ్రష్ ఉంటే 0.3 మి.మీ. సూదితో, రంగుకు సమానంగా గాని ఒకటిన్నర రెట్లు గాని థిన్నర్ కలిపి, 15 నుంచి 20 పి.ఎస్.ఐ. ఒత్తిడి మీద కొట్టండి. టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై గది) పై భాగం, ఇంజిన్ డెక్ వంటి ఆకాశాన్ని చూసే తలాలకు ఒక పాలు లేత, పక్కల అడుగున ఒక పాలు ముదురు వేస్తే చాలు. ఎయిర్‌బ్రష్ లేకపోతే దిగులు పడనక్కరలేదు. కానీ టామియా యాక్రిలిక్ కుంచెకు లొంగదు, రెండో పొర మొదటి పొరను తిరగతోడి గీతలు తెస్తుంది. కుంచెతోనే పని అనుకుంటే వలేహో వంటి నీటి ఆధారిత రంగు కొని, పాలచిక్కన కంటే పలుచగా చేసి, పొర పొరకూ నడుమ పూర్తిగా ఆరనిస్తూ మూడు నాలుగు పొరలు వేయండి. ఫెవిక్రిల్ గురించి చాలామంది అడుగుతుంటారు. బట్టకూ కుండకూ అది మంచి రంగే, ట్యాంకు కింద పరిచే నేలకు నేనూ వాడుతుంటాను. ట్యాంకు ఒంటి మీద మాత్రం దాని పొర మందంగా కనబడిపోతుంది.

తరువాతి మెట్టు మెరిసే వార్నిష్. టామియా ఎక్స్-22 పలుచగా రెండు సార్లు చాలు. యుద్ధ ట్యాంకుకు మెరుపు ఏమిటని సందేహం వస్తుంది. మెరుపు లేని తలం నిజానికి సన్నటి గరుకు తలం. దాని మీద వాష్ పెడితే మీరు పెట్టినచోట నిలవక నాలుగు పక్కలా పాకి మరకవుతుంది, డికాల్ కింద గాలి చిక్కి వెండి మెరుపు కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టేది గీసిన గీత పక్కకు పాకకుండా ఉండటానికే. మనకు ఈ పొర చేసిపెట్టే పని కూడా అదే. గుర్తుల విషయంలో, భారత సైన్య వాహన సంఖ్యలు కిట్టులోని బ్రిటిష్ డికాల్స్‌లో ఉండవు. విడిగా కొనండి, లేదా చిన్న స్టెన్సిల్ కోసి తెల్లరంగు అద్దండి. ఫామగుస్తానే చేయదలచుకుంటే ఆ ట్యాంకు ఫొటోలు దగ్గర పెట్టుకోనిదే పేరు గాని సంఖ్య గాని రాయకండి; ఆ బండి మీద ఊహకు చోటు ఇవ్వకూడదని నా అభిప్రాయం.

వాష్. కామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ రంగుల్లో బర్న్ట్ అంబర్, దానికి ఆవగింజంత నలుపు. రంగును ముందుగా ఒక అట్టముక్క మీద గంటసేపు ఉంచితే అందులోని అవిసెనూనె అట్టకు పీల్చుకుపోతుంది, ఆరాక మెరవదు, త్వరగా ఆరుతుంది కూడా. దానిని ఎం.టి.ఓ.లో నీరుగా కలిపి, సన్నటి కుంచె మొనతో బోల్టుల చుట్టూ, మూతల అంచుల్లో, వెల్డింగు గీతల వెంట తాకించండి. ద్రవం తనంతట తానే గాడి వెంట పరుగెత్తుతుంది. మొత్తం ట్యాంకును వాష్‌లో ముంచెత్తే పద్ధతి ఒకప్పుడు అందరూ అనుసరించినదే, కానీ అది బండినంతా ఒకే మాదిరి మురికి చేస్తుంది. ఇరవై నిమిషాల తరువాత, ఎం.టి.ఓ.తో తడిపి దాదాపు పొడిగా పిండిన చదును కుంచెతో మిగులు తుడవండి. నిలువు తలాల మీద పైనుంచి కిందికి, అడ్డు తలాల మీద అద్దుతూ. ఎం.టి.ఓ.ను చుక్కలు చుక్కలుగా పోయకండి, రంగు అందని అతుకుల్లోకి దిగితే ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్ పగులుతుంది. సస్పెన్షన్ చేతులు, బిగుతుగా లాగి కట్టిన ట్రాక్ ఉన్నచోట ఈ ప్రమాదం ఎక్కువ.

అదే ఆయిల్ రంగుల్లో యెల్లో ఆకర్, తెలుపు, ముదురు ఆకుపచ్చ చుక్కలు చుక్కలుగా టరెట్ పక్కల మీద పెట్టి తడి కుంచెతో కిందికి లాగితే ఒకే ఆలివ్ రంగులో చాలా ఛాయలు పుట్టుకొస్తాయి. ఈ పనికి మూడు రోజులైనా ఆరే సమయం ఇవ్వండి.

రంగు ఊడిన గుర్తుల దగ్గర కొలత మనసులో ఉంచుకోవాలి. మోడల్ మీద 1 మి.మీ. గీత అంటే అసలు ట్యాంకు మీద 3.5 సెం.మీ. వెడల్పు గాయం. 3 మి.మీ. మచ్చ అంటే దాదాపు అర జానెడు మేర రంగు లేచిపోయినట్లు. ఆ లెక్క గుర్తుంటే చేయి తనంతట తానే ఆగుతుంది. గుర్తులు ఎక్కడ పడతాయి? సిబ్బంది కాలు పెట్టేచోట, చెయ్యి పట్టేచోట, సామాను లాగేచోట: డ్రైవరు మూత చుట్టూ, టరెట్ మీది మూతల అంచుల్లో, సామాను పెట్టెల మూలల్లో, లాగుడు కొక్కేల మీద. సెంచూరియన్‌కు ప్రత్యేకంగా పక్కనున్న కవచపు పలకలు ఉన్నాయి. గట్లకూ చెట్లకూ రాసుకునేవి అవే కాబట్టి వాటి కింది అంచులు వంగి, గీసుకుపోయి ఉండాలి. కావాలంటే ఒక పలక అసలు లేకుండానే వదిలేయవచ్చు, యుద్ధంలో అవి ఊడిపోవడం మామూలే. రంగు మాత్రం నారింజ తుప్పు కాదు. నలుపు కలిసిన ముదురు గోధుమ. స్పాంజి ముక్కను రంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, అంచుల మీద మెల్లగా తాకించండి. హెయిర్‌స్ప్రే పూసి పైరంగు గోకే పద్ధతి ఎడారి రంగు వేసిన బండ్లకూ మంచులో తెల్లసున్నం పూసిన బండ్లకూ బాగుంటుంది. ఒకే రంగున్న మీ బండికి అవసరం లేదు.

తుప్పు ఉండకూడదన్నాను గానీ దానికి ఒక మినహాయింపు ఉంది, వెనుక ఫెండర్ల మీద రెండు పక్కలా ఉండే సైలెన్సర్ పెట్టెలు. వేడికి అక్కడ రంగు నిలవదు కాబట్టి ఎర్రగోధుమ తుప్పు సహజం. కానీ పొగ రంగు విషయంలో జాగ్రత్త. సెంచూరియన్‌ది మీటియర్ పెట్రోల్ ఇంజిను. డీజిల్‌తో నడిచే టీ-55 ట్యాంకుకు ఎడమ ఫెండరు మీద పడే నల్లటి జిడ్డు మసి దీనికి పెట్టకూడదు. పొగగొట్టం నోటి దగ్గర బూడిద కలిసిన లేత గోధుమ ఛాయ చాలు.

ఇప్పుడు బురద. మెరుపు లేని వార్నిష్ కొట్టి, అది ఆరాకే దీన్ని మొదలుపెట్టాలి. మీ పెరటి మట్టిని పారేయనక్కరలేదు. రంగుకు పనికిరాకపోయినా గరుకుదనానికి పనికొస్తుంది. స్వర్ణముఖి ఒడ్డున వరద వదిలిన మెత్తటి ఒండ్రు దొరికితే అది ఇంకా మేలు. ఏ మట్టి అయినా ముందు ఇనుప పెనం మీద బాగా వేయించండి, లేకపోతే వానాకాలంలో మోడల్ మీద బూజు మొలుస్తుంది. తరువాత టీ జల్లెడతో కాదు, పాత నైలాన్ గుడ్డతో జల్లించండి. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ స్కేలులో పావు అంగుళం కాదు, ఒకటిన్నర సెంటీమీటరు దాటిన గులకరాయి. బురదలో అవే గులకరాళ్లు గుట్టలుగా ఉంటే కన్ను మోసపోదు.

జల్లించిన మట్టి ఒక పాలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అర పాలు, ముక్కలుగా కత్తిరించిన కొబ్బరి పీచు గాని ఎండు గడ్డి ధూళి గాని చిటికెడు, దానికి యాక్రిలిక్ మ్యాట్ మీడియం (ఆరాక మెరవని అంటు ద్రవం). మీడియం దొరక్కపోతే నీళ్లు కలిపిన ఫెవికాల్, కానీ అది ఆరాక కాస్త మెరుస్తుంది, పైన మ్యాట్ వార్నిష్ అవసరమవుతుంది. రంగు కోసం రా అంబర్, బఫ్, కొంచెం బూడిద కలపండి. ఎరుపు ఛాయ చచ్చేదాకా బూడిద పెంచండి. ప్లాస్టర్ వల్ల ఆరాక రంగు బాగా లేతబడుతుంది కాబట్టి తడిగా ఉన్నప్పటి రంగును చూసి తీర్పు చెప్పకండి. స్ప్రూ మీద పూసి, ఆరబెట్టి, చూసి, అప్పుడే ట్యాంకుకు పూయండి.

బురదను ఒకేసారి, ఒకే రంగులో పూయకూడదు. బండి మీద మట్టి రోజుల తరబడి పొరలు పొరలుగా చేరుతుంది. పాతది ఎండి లేతగా, కొత్తది తడిగా ముదురుగా ఉంటుంది. మొదట ఎక్స్‌ఎఫ్-57 బఫ్, ఎక్స్‌ఎఫ్-55 డెక్ టాన్ కలిపి చాలా పలుచగా చక్రాల మట్టం నుంచి పక్క పలకల సగం ఎత్తు దాకా దుమ్ము పొర కొట్టండి. దాని మీద లేత రంగు ఎండు బురద, చక్రాల నడుమ, సస్పెన్షన్ బోగీల మీద, హల్ (ట్యాంకు మొండెం) అడుగు పక్కల మీద. దాని మీద ముదురు బురద, ఇంకా కిందికే, ఇంకా తక్కువగా. చివరగా ఆ ముదురు బురద మీద అక్కడక్కడ మాత్రమే మెరిసే వార్నిష్ తాకిస్తే అది నిన్నటిది కాదు, ఈ ఉదయంది అని తెలుస్తుంది. చిమ్మిన బురద కోసం కుంచెను పలుచటి మిశ్రమంలో ముంచి, దాని మీదుగా ఎయిర్‌బ్రష్ గాలి వదలండి. టరెట్‌ను ముందుగా కాగితంతో కప్పండి. ట్రాక్ వెనుక చక్రం దగ్గర పైకి లేస్తుంది కాబట్టి వెనుక పలక, వెనుక ఫెండర్ల అడుగు భాగం అన్నిటికంటే ఎక్కువ మురికిగా ఉండాలి. ముందు భాగంలో ఫెండరు మీద, లైట్ల దగ్గర తుంపరలు చాలు.

ఒకసారి నా గరీబ్‌పూర్ పీటీ-76ను ఆర్మర్డ్ కోర్‌లో పనిచేసి చిత్తూరులో స్థిరపడిన ఒక విశ్రాంత సుబేదారు గారు చూశారు. బురద బాగుందని ఒప్పుకున్నారు గానీ, ‘డ్రైవరు పెరిస్కోపు మీద మట్టి ఉంటే బండి ఎలా నడుపుతాడయ్యా’ అని అడిగారు. అప్పటినుంచి నేను ప్రతి బండికీ చూపు అద్దాలు తుడిచిన గుర్తులతో శుభ్రంగా ఉంచుతాను: చుట్టూ మట్టి, మధ్యలో గుడ్డతో రాసిన అర్ధచంద్రాకారం. గన్నర్ సైటుకూ అదే మర్యాద. పైకి ఎక్కే చోట బూట్ల మట్టి, మూతల చుట్టూ ఆ మట్టి తొక్కుడుకు అరిగిన ఛాయ పెట్టడం కూడా ఆయన చెప్పినదే. ఎక్కడ మురికి ఉండదో చూపించగలిగితే మిగిలిన మురికిని చూసేవాళ్లు నమ్ముతారు.

ట్రాక్‌లకు ముదురు గోధుమ అడుగు రంగు వేసి, సందుల్లో అదే బురద నింపి, ఆరాక నేలను తాకే మెట్టలను 6బి పెన్సిలు సీసంతో రుద్దండి. సెంచూరియన్ ట్రాక్ అంతా పోత ఉక్కే, రబ్బరు దిమ్మెలు లేవు, కాబట్టి ఆ మెరుపు నిజంగా ఉంటుంది. చక్రాలు రాసుకునే లోపలి కొమ్ములకూ, వెనుక చక్రం పళ్లకూ కూడా అదే చేయండి. చక్రాల రబ్బరు నల్లగా ఉండకూడదు; ముదురు బూడిద, పైన దుమ్ము.

పొడి పిగ్మెంట్లు విదేశీ సీసాలే కానక్కరలేదు. స్టేషనరీ దుకాణంలో దొరికే పొడి పాస్టెల్ కడ్డీలను గరుకు కాగితం మీద అరగదీస్తే వచ్చే పొడి చాలు; ఆయిల్ పాస్టెల్ మాత్రం కాదు. ఇంజిన్ డెక్ మూలల్లో, సామాను పెట్టెల వెనుక, ఫెండర్ల మీద పొడిని కుంచెతో రాల్చి, ఎం.టి.ఓ. ఒక చుక్క పక్కన తాకించండి, ద్రవం పొడి కిందికి పాకి అంటుకునేలా చేస్తుంది. తడిగా ఉన్నప్పుడు నల్లబడినట్లు కనిపిస్తుంది, ఆరితే తిరిగి వస్తుంది, కంగారుపడి తుడిచేయకండి. దీని మీద మళ్లీ వార్నిష్ కొడితే పొడితనం మొత్తం పోతుంది. పిగ్మెంటు వేశాక బండిని చేతితో పట్టుకోవద్దు, అట్ట మీద బిగించి ఉంచండి. గాజుపెట్టె లేకుండా అలమరలో పెడితే మన ఇళ్లలో చేరే అసలు దుమ్మును తరువాత తుడవడం కుదరదు. తుడిస్తే రెండూ పోతాయి.

చివరగా ఏవి కొనాలని అడిగారు. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ ఈ బండికి తప్పనిసరి కాదు. మాస్కు, టామియా ప్రైమర్ డబ్బా, ఆలివ్ డ్రాబ్ స్ప్రే డబ్బా, ఎక్స్-22 కుంచెతో పూయడానికి, మ్యాట్ వార్నిష్ స్ప్రే, కామెల్ ఆయిల్ రంగుల్లో బర్న్ట్ అంబర్, రా అంబర్, యెల్లో ఆకర్, తెలుపు, నలుపు, ఒక సీసా ఎం.టి.ఓ., పాస్టెల్ కడ్డీలు, రెండు మంచి కుంచెలు, ఇవి చాలు. అయితే టామియా టీఎస్ రకం స్ప్రే డబ్బాలు లాకర్ అని గుర్తుంచుకోండి: ప్రైమర్ మీద నేరుగా వేయవచ్చు, యాక్రిలిక్ మీద వేయకూడదు. ఆ నియమానికి మ్యాట్ స్ప్రే ఒక్కటే మినహాయింపు; అది లాకర్ రకమే అయితే దూరం నుంచి, తడవకుండా, మంచు పడినంత పలుచగా కొట్టండి. దాని కింద ఉన్న ఆయిల్ రంగు పూర్తిగా ఆరిందని నిశ్చయించుకున్నాకే. ఇప్పుడు వానలు పట్టిన రోజులైతే ప్రైమర్ పనిని ఎండ వచ్చేదాకా ఆపి, ఈలోగా స్ప్రూ మీద బురద రంగులు కలిపి చూసుకోండి. ఆరిన ముక్కల ఫొటోలు పగటి వెలుతురులో తీసి పంపితే, ఎరుపు ఇంకా ఎంత తగ్గాలో చెబుతాను.